బీటీ పత్తిలో గులాబి పురుగు ఎందుకు ఆగలేదు? రేపు వంకాయ, వరి సంగతేంటి?

1. నల్లరేగడి
బీటీ మంచిదా చెడ్డదా అనే గొడవ ఇక్కడ ఇప్పటికే చాలాసార్లు అయింది. దాన్ని మళ్ళీ మొదలుపెట్టొద్దని మనవి. నా ప్రశ్న చిన్నది. 2002 మార్చిలో మన దేశంలో బీటీ పత్తికి, అంటే పురుగును చంపే బ్యాక్టీరియా జన్యువు పెట్టిన పత్తికి, అనుమతి వచ్చింది. అందులో ఒక్క జన్యువు, క్రై1ఏసీ. 2006లో క్రై2ఏబీ కూడా కలిపి బోల్‌గార్డ్-2 తెచ్చారు. 2009-10కల్లా గుజరాత్‌లో మొదటి జన్యువును, 2014-15కల్లా రెండింటినీ గులాబి పురుగు తట్టుకుంది. తర్వాత మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్ర. అదే అమెరికాలో 2018లో గులాబి పురుగు పూర్తిగా పోయిందని అక్కడి వ్యవసాయ శాఖ ప్రకటించింది. జన్యువులూ అవే, పురుగూ అదే. మరి ఇక్కడే ఎందుకు ఇలా అయింది? ఇది తేలకుండా బీటీ వంకాయ మీద, వరి మీద ఎంత వాదించుకున్నా గాలిలో కత్తి తిప్పడమే.

2. కాయలోగుట్టు
ముఖ్యకారణం మనం వేసేది హైబ్రిడ్ కావడం. అమెరికాలో వేసేది సూటి రకం, అంటే సంకరం కానిది. అక్కడ మొక్కలో బీటీ జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది, అందుకే కాయలోని ప్రతి గింజలోనూ విషం ఉంటుంది. మన హైబ్రిడ్‌లో జన్యువు సాధారణంగా ఒక తల్లిదండ్రి వైపు నుంచే వస్తుంది, మొక్కకు ఒక్క ప్రతే. ఆకు కొరికితే విషం ఉంటుంది, అనుమానం లేదు. కానీ గులాబి పురుగు తినేది ఆకు కాదు, గింజ.

ఒక కాయ పగలగొట్టి లెక్క వేయండి. నాలుగు తొనలు, తొనకు ఏడెనిమిది గింజలు, మొత్తం సుమారు 30. బోల్‌గార్డ్-2లో రెండు జన్యువులు వేర్వేరు చోట్ల ఉంటాయి కాబట్టి గింజల్లోకి 9:3:3:1 చొప్పున విడిపోతాయి. అంటే 30 గింజల్లో సుమారు 17లో రెండు విషాలూ, 11లో ఏదో ఒక్కటి ఉంటాయి, మిగతా రెండు గింజల్లో ఏ విషమూ ఉండదు. గింజ పైపొట్టు తల్లి మొక్కది, లోపలి పప్పు పిల్ల మొక్కది. పురుగుకు కావాల్సింది పప్పే. ఇలా ఒకే కాయలో చప్పటి గింజ, సగం ఘాటు గింజ, పూర్తి ఘాటు గింజ పక్కపక్కనే ఉంటాయి. పురుగును అలవాటు చేయడానికి ఇంతకన్నా మంచి బడి ఉండదు.

దీనికి తోడు 110, 120 రోజులు దాటాక మొక్కలో విషం మోతాదే తగ్గిపోతుంది. గులాబి పురుగు ఎక్కువగా వచ్చేది సరిగ్గా అప్పుడే.

3. తూకంరాయి
కాయలోగుట్టు గారూ, ఒక సందేహం. చైనాలో యాంగ్ట్సీ నది లోయ రైతులు హైబ్రిడ్ విత్తనం మలి తరాన్ని కూడా వేశారు, దానివల్లే గులాబి పురుగుకు బీటీని తట్టుకునే శక్తి (నిరోధం) వెనక్కి తగ్గింది అని 2017లో పరిశోధన వచ్చింది. మీరు చెప్పిన విడిపోవడమే అక్కడ మేలు చేసింది కదా?

4. కాయలోగుట్టు
మంచి ప్రశ్న. తేడా ఎక్కడంటే, చైనాలో విడిపోయింది మొక్కలు, ఇక్కడ విడిపోతోంది గింజలు. మలి తరం విత్తనం వేస్తే చేనులో నాలుగో వంతు మొక్కలకు బీటీ అసలు ఉండదు. వాటి మీద విషం రుచే తెలియని పురుగులు పెరిగి, రెక్కల పురుగులై, నిరోధం వచ్చిన వాటితో జత కడతాయి. పుట్టిన పిల్లలు బీటీ మొక్క తిని చస్తాయి. అంటే చేను మధ్యలోనే ఆశ్రయ పంట తయారైంది. మన తొలి తరం హైబ్రిడ్ చేనులో ప్రతి మొక్కా బీటీయే. అమాయక పురుగు పెరిగే చోటే లేదు.

5. గట్టుమీదకంది
ఆశ్రయ పంట మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. మొదట్లో 450 గ్రాముల బీటీ ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం విడిగా ఇచ్చేవారు. చేను చుట్టూ ఐదు వరసలు, లేదా విస్తీర్ణంలో 20 శాతం, ఏది ఎక్కువైతే అది వేయాలి. వేసినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఐదు వరసలు పురుగుకు వదిలేయమంటే, కౌలు కట్టే రైతు ఎందుకు వేస్తాడు? దానికి పరిహారమూ లేదు, అడిగేవాడూ లేడు.

ఇంకో పొరపాటు చాలామందికి తెలియదు. కొన్ని ప్యాకెట్లలో నాన్ బీటీ పత్తి బదులు కంది ఇచ్చారు. శనగపచ్చ పురుగు కందిని కూడా తింటుంది కాబట్టి దానికి అది పనికొస్తుంది. గులాబి పురుగుకు పత్తి తప్ప కంది రుచించదు, దానికి ఆ కంది వేసినా వేయకున్నా ఒకటే.

ఇప్పుడు కలిపిన ప్యాకెట్లు వస్తున్నాయి. 475 గ్రాముల్లో 5 నుంచి 10 శాతం నాన్ బీటీ గింజలు కలిసే ఉంటాయి. రైతు వేరే పని చేయక్కర్లేదు. ఇది మొదటి రోజునుంచీ చేయాల్సిన పని, పురుగు ముదిరాక చేశారు.

6. ఎర్రచెలక
అమెరికా గెలుపు అంతా బీటీ ఖాతాలో వేయకండి అన్నా. అరిజోనాలో 2006 నుంచి నాన్ బీటీ వరసలు మానేసి, వాటి బదులు గొడ్రాలు చేసిన రెక్కల పురుగులను విమానాలతో చేల మీద వదిలారు. లింగాకర్షక మందు, పంట అవశేషాల దున్నకం, గడువులోపు చేను ఖాళీ చేయడం, అన్నీ ఊరుమ్మడిగా చేశారు. మన దగ్గర పక్క చేనులో ఫిబ్రవరి దాకా పత్తి నిలబడితే నువ్వు డిసెంబరులో పీకి ఏం లాభం?

గులాబి పురుగు ఇంత పెరగడానికి సగం కారణం పంటకాలం. 150, 160 రోజుల్లో ముగిసే పంటను నీళ్ళుంటే 220 రోజులు లాగుతున్నాం. ఆ రెండు నెలల్లో పురుగుకు మరో రెండు తరాలు. తర్వాత జిన్నింగ్ మిల్లుల దగ్గర గింజలో నిద్రపోయిన పురుగు, ఇంటి వెనక వంటచెరకుగా పేర్చిన పత్తికట్టెలో పురుగు, మళ్ళీ జూన్, జులైకి తయారు.

7. మొదటిఏరు
చరిత్ర బాగుంది. ఇప్పుడు 45 రోజుల పైరు నిలబడి ఉంది అనుకోండి. ఏం చేయాలో వరసగా ఎవరైనా చెబుతారా? కొట్లో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో డబ్బా చేతిలో పెడతారు.

8. బుట్టలెక్క
45 రోజులకు లింగాకర్షక బుట్టలు పెట్టాలి. నిఘాకైతే ఎకరాకు నాలుగు. ఎర గులాబి పురుగుదే అయి ఉండాలి. శనగపచ్చ పురుగు ఎర పెట్టి గులాబి పురుగు లేదు అనుకునేవాళ్ళు చాలామంది. ఎర బిళ్ళను చుట్ట, పురుగుమందు అంటిన చేత్తో ముట్టుకోవద్దు. బుట్ట పైరు కన్నా ఒక అడుగు ఎత్తులో ఉండాలి, పైరు పెరిగేకొద్దీ కర్రమీద పైకి జరపాలి. మూడు నాలుగు వారాలకు ఎర మార్చాలి. వాసన పోయిన ఎరలో పురుగు పడదు, రైతు పురుగు తగ్గింది అనుకుంటాడు, ఇది మహా ప్రమాదం.

వరసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది చొప్పున రెక్కల పురుగులు పడితే మందు కొట్టే సమయం వచ్చినట్టు.

పూత మొదలయ్యాక గుడ్డి పూలు చూడాలి. రేకులు విచ్చుకోకుండా చుట్టుకుపోయి, గులాబి మొగ్గలా ముడుచుకుని ఉంటాయి. విప్పితే లోపల పురుగు. దొరికినవి దొరికినట్టు తెంపి సంచిలో వేసి నాశనం చేయాలి, చేనులో పారేయకూడదు. వంద పూలలో పది గుడ్డి పూలుంటే మందు తప్పదు.

కాయలకు వచ్చేసరికి బయట నుంచి చూస్తే ఏమీ కనపడదు. పిల్ల పురుగు లోపలికి దూరిన రంధ్రం మూసుకుపోతుంది. అందుకే ఎకరంలో అక్కడక్కడ 20 పచ్చి కాయలు, మరీ లేతవి కాదు, ముదిరినవి కాదు, తెంపి పగలగొట్టాలి. తొన లోపలి గోడ మీద బొడిపెలు, గింజకు చిన్న రంధ్రం, తెల్లటి లేదా గులాబి పురుగు, ఏది కనిపించినా ఆ కాయ చెడినట్టే లెక్క. 20లో రెండు చెడితే పిచికారీ.

9. మొదటిఏరు
బుట్టలెక్క గారికి దండాలు. ఏ మందు?

10. బుట్టలెక్క
మొదట్లో గుడ్ల మీద, అప్పుడే పొదిగిన పిల్లల మీద పని చేసే వేపనూనె 1500 పీపీఎం, లీటరుకు 5 మి.లీ. పురుగు పైన చెప్పిన లెక్క దాటితే ప్రొఫెనోఫాస్ 50 ఈసీ లీటరుకు 2 మి.లీ., లేదా థయోడికార్బ్ 75 డబ్ల్యూపీ లీటరుకు గ్రామున్నర, లేదా ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్‌జీ లీటరుకు అర గ్రాము. ఒకదాని తర్వాత ఇంకొకటి మార్చుకోవాలి, ఒకే మందు రెండుసార్లు వరసగా కొట్టొద్దు. లోపలికి దూరిన పురుగును ఏ మందూ ముట్టుకోలేదు. మీరు కొట్టేది రేపు దూరబోయే దానికోసం. అందుకే కాయలు చెడిపోయాక మూడు మందులు కలిపి కొట్టినా డబ్బులు బూడిదలో పోసినట్టే.

సైపర్‌మెత్రిన్, లామ్డా లాంటి పైరెత్రాయిడ్లు 110, 120 రోజుల ముందు వద్దు. తెల్లదోమను తినే మిత్ర పురుగులు పోతాయి, తెల్లదోమ విరుచుకుపడుతుంది, దానికి మళ్ళీ రెండు మందులు. పచ్చదోమ, తామర పురుగు, పిండినల్లి ఇవేవీ బీటీకి లొంగేవి కావని కూడా గుర్తుంచుకోండి.

11. ఎర్రచెలక
ఇక్కడ ఒకటి కలపాలి. ఇప్పుడు ఊళ్ళల్లో బీజీ-3 అని లూజు విత్తనం తిరుగుతోంది. బీజీ-3 అనే దానికి మన దేశంలో అనుమతే లేదు. అది కలుపుమందు తట్టుకునే పత్తి. దానికి పెట్టుకున్న దరఖాస్తును కంపెనీ 2016లోనే వెనక్కి తీసుకుంది, విత్తనం మాత్రం దొడ్డిదారిన వచ్చింది. కూలీ దొరకదు, కలుపు తీతకే వేలకు వేలు పోతాయి, కాబట్టి రైతు దానికి ఎందుకు ఆశపడతాడో అర్థమవుతుంది. కానీ బిల్లు ఉండదు, లాట్ నంబరు ఉండదు, మొలక రాకపోతే నష్టపరిహారం అడిగే కాగితం ఉండదు. గ్లైఫోసేట్ కలుపుమందు కొట్టాక గాలికి పక్క కంది చేనో మిరప తోటో మాడితే తగాదా వేరే.

పైగా ఆ విత్తనంలో కలుపు జన్యువు ఉండొచ్చు, పురుగు జన్యువులు ఉంటాయన్న భరోసా లేదు.

12. తూకంరాయి
తెలుసుకోవడానికి స్ట్రిప్ పరీక్ష ఉంది. గింజ ఒకటి పొడి చేసి, లేదా లేత ఆకు ముక్క చిన్న గొట్టంలో మూతతో అదిమి తీసుకుని, కిట్టులో ఇచ్చిన ద్రావణం అర మి.లీ. పోసి కలిపి, స్ట్రిప్ నిలబెట్టాలి. ఐదు పది నిమిషాలు. పై గీత ఎప్పుడూ రావాలి, అది రాకపోతే స్ట్రిప్ పాడైనట్టు. కింద రెండో గీత వస్తే ఆ ప్రోటీన్ ఉన్నట్టు. కలుపుమందు తట్టుకునేదానికి ఒక రకం స్ట్రిప్, క్రై2ఏబీకి వేరే స్ట్రిప్. ఒక్క గింజ చూసి తీర్పు చెప్పకండి. గట్టుమీదకంది గారు చెప్పినట్టు కలిపిన ప్యాకెట్టులో నాన్ బీటీ గింజలు చట్టప్రకారమే ఉంటాయి. పది ఇరవై గింజలు విడివిడిగా చూడాలి.

13. నల్లరేగడి
పత్తి సంగతి తేటపడింది. జన్యువుది కన్నా దాన్ని హైబ్రిడ్‌లో పెట్టి, ఆశ్రయం లేకుండా, 220 రోజులు నిలబెట్టిన పద్ధతిది ఎక్కువ తప్పు అంటున్నారు. మరి తిండి పంటలు?

14. పొట్టకూటి
వంకాయ తీసుకోండి. కొమ్మ, కాయ తొలుచు పురుగు దానికి గులాబి పురుగు లాంటిదే, కాయలోకి దూరాక మందు అందదు. 2009 అక్టోబరులో జన్యుమార్పిడి పంటలను పరిశీలించే కేంద్ర సంఘం జీఈఏసీ బీటీ వంకాయకు సరే అంది. 2010 జనవరి, ఫిబ్రవరిలో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాదుతో కలిపి ఏడు నగరాల్లో జనంతో మాట్లాడి ఫిబ్రవరి 9న నిలిపేశారు. అదే జన్యువును బంగ్లాదేశ్ 2013లో అనుమతించి, 2014 జనవరిలో 20 మంది రైతులకు నారు ఇచ్చింది. అక్కడ గమనించాల్సింది, వాళ్ళు పెట్టింది సర్కారు పరిశోధన సంస్థ సూటి రకాల్లో. రైతు విత్తనం దాచుకోవచ్చు, గింజ గింజలో జన్యువు ఉంటుంది. పత్తిలో మనం చేసిన మొదటి తప్పు అక్కడ చేయలేదు. అయినా అందులో ఉన్నది ఒక్క జన్యువే, ఆశ్రయ వరసలు అక్కడా కావాలి. మరిచిపోతే మన కథే.

15. గట్టుమీదకంది
నేను ఒప్పుకోను. వంకాయ పుట్టిల్లు మన దేశం. అడవి వంగ జాతులు గట్ల మీద ఉన్నాయి, పుప్పొడి కలుస్తుంది. పత్తి వేరు, వంకాయ వేరు, ఇది కూర. సుప్రీంకోర్టు వేసిన నిపుణుల సంఘంలో ఎక్కువమంది 2013లో ఏం చెప్పారు? మన దేశం పుట్టిల్లైన పంటల్లో జన్యుమార్పిడి వద్దని, కలుపుమందు తట్టుకునే పంటలు మన చిన్న కమతాలకు తగవని. కలుపు తీతే కూలి అయిన ఆడవాళ్ళ సంగతి ఎవరూ లెక్కేయరు. పరీక్షల సమాచారం కూడా తయారు చేసినవాళ్ళే ఇస్తారు, దాన్ని వాళ్ళే అచ్చు వేస్తారు. తిరిగి పరీక్షించే స్వతంత్ర ప్రయోగశాల లేకుండా "భద్రమే" అంటే ఎలా నమ్మాలి?

16. పొట్టకూటి
స్వతంత్ర పరీక్ష ఉండాలన్న మాట నూటికి నూరు పాళ్ళు నిజం. కానీ "ఇది కూర" అన్న వాదన కొంత ఆలస్యమైంది. పత్తిగింజల నూనె మనం తింటున్నాం, పత్తిపిండి పశువు తిని పాలు ఇస్తోంది. దేశం వాడే వంటనూనెలో సగం పైన దిగుమతే, అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి వచ్చే సోయానూనె చాలా వరకు జన్యుమార్పిడి సోయాదే. శుద్ధి చేసిన నూనెలో ప్రోటీను దాదాపు మిగలదు కాబట్టి పరీక్షకు దొరకదు. 2021లో కోళ్ళ దాణాకు 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయాపిండికి కేంద్రమే తలుపు తెరిచింది. ఇక్కడ పండించడానికి వద్దు, అక్కడ పండింది తినడానికి సరే. ఇదేం నీతో నాకు అర్థం కాదు.

జన్యుమార్పిడి ఆవాల హైబ్రిడ్ డీఎంహెచ్-11 కూడా ఈ నూనె లెక్క మీదే వచ్చింది. 2022 అక్టోబరులో అనుమతి, 2024 జులై 23న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు. అక్కడే ఆగింది.

17. తూకంరాయి
ఆవాల్లో పోలిక సంగతి కూడా చెప్పండి. దిగుబడి ఎక్కువ అన్నది ప్రధానంగా పాత వరుణ రకంతో పోల్చి. ఇప్పటి మంచి హైబ్రిడ్ల పక్కన వేసి చూపించమని అడిగితే తప్పేముంది? పత్తిలోనూ ఇదే. 2002 ముందు హెక్టారుకు సుమారు 300 కిలోల దూది, 2007-08కి 550 దాటింది, అంతా బీటీ వల్లే అన్నారు. అదే కాలంలో గుజరాత్‌లో చెక్‌డ్యాములు, విత్తనశుద్ధికి ఇమిడాక్లోప్రిడ్, కొత్త పురుగుమందులు, ఎరువుల వాడకం అన్నీ పెరిగాయి. ఇప్పుడు 95 శాతం దాకా బీటీయే, దిగుబడి మాత్రం 450 దగ్గర పడి ఉంది. పెరిగినప్పుడు ఘనతంతా బీటీది, తగ్గినప్పుడు తప్పంతా రైతుది అయితే అది లెక్క కాదు.

18. వరిమడి
వరి గురించి ఎవరూ ఎత్తలేదు. 2025 మే 4న రెండు వరి రకాలు ప్రకటించారు, రెండూ మన వాటి మీద చేసినవే. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ బాపట్ల సాంబమసూరి, అదే మన బీపీటీ 5204, తీసుకుని డీఆర్ఆర్ ధాన్ 100, పేరు కమల, చేసింది. పూసా సంస్థ మారుటేరు ఎంటీయూ 1010, కాటన్‌దొర సన్నాలు, తీసుకుని పూసా డీఎస్‌టీ రైస్ 1 చేసింది, అది ఉప్పు, కరువు తట్టుకోవడానికి.

ఇవి బీటీ లాంటివి కావు. బయటి జన్యువు పెట్టలేదు. ఉన్న జన్యువులోనే కొన్ని అక్షరాలు చెరిపేశారు. కమలలో చెరిపింది కంకిలో గింజల సంఖ్యకు కళ్ళెం వేసే జన్యువు. కత్తెరలా పని చేసిన క్రిస్పర్ జన్యువును తర్వాతి తరాల్లో విడగొట్టి, అది లేని మొక్కలనే ఎంచుకున్నారు. 2022 మార్చి నుంచి ఇలాంటివాటికి జీఈఏసీ మెట్లు ఎక్కక్కర్లేదు.

సంస్థ చెప్పే లెక్క 19 శాతం అదనపు దిగుబడి, 15 నుంచి 20 రోజులు ముందు కోత. నా దృష్టిలో దిగుబడి కన్నా ఆ ఇరవై రోజులే విలువైనవి. సాంబమసూరికి 145 రోజులు పైన. కాలువ చివరి భూములకు రెండు మూడు తడులు మిగిలితే అపరాలకు పదును దొరుకుతుంది.

19. గట్టుమీదకంది
పక్క పంటలు, వేరే నేలలు, మిల్లరు తూకం, ఇవన్నీ చూశాక మాట్లాడదాం. గింజ సన్నదనం కాస్త తగ్గినా బీపీటీ ధర రాదు. అసలు బియ్యం మనకు తక్కువా? గోదాములు నిండి, ఇథనాలుకు ఇస్తున్నారు. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత అని అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వాళ్ళ కంచంలో కొరత పప్పుది, ఆకుకూరది, నూనెది. ఆహార భద్రత పేరు చెప్పి మళ్ళీ వరికే పోతే ఎలా?

ఎండాకు తెగులుకు తట్టుకునే సాంబమసూరిని 2008లో సీసీఎంబీ, వరి సంస్థ కలిసి జన్యుమార్పిడి లేకుండానే తెచ్చాయి. మూడు నిరోధక జన్యువులను మామూలు సంకరంతో, డీఎన్ఏ గుర్తుల సాయంతో ఎక్కించారు. ఎవరూ కోర్టుకు వెళ్ళలేదు.

20. వరిమడి
పప్పు, నూనెల మాట ఒప్పుకుంటాను. సాంబమసూరి ఉదాహరణ మంచిదే, కానీ అది పనిచేసింది ఆ నిరోధం వేరే వరిలో ఉంది కాబట్టి. కొమ్మ, కాయ తొలుచు పురుగును పూర్తిగా ఆపే వంగ జాతి చేతికి దొరికితే బీటీ ఎవరికి కావాలి? ఉన్నచోట సంకరం, లేనిచోట మిగతావి.

21. మొదటిఏరు
కమల విత్తనం రైతు దాచుకోవచ్చా?

22. వరిమడి
అది హైబ్రిడ్ కాదు, సూటి రకం. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షను ప్రకారం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవచ్చు కూడా. క్రిస్పర్ పద్ధతి మీద పేటెంట్లు విదేశీ సంస్థల చేతిలో ఉన్నాయి, విత్తనం బజారుకు రావాలంటే ఆ లెక్క ముందు తేలాలి.

23. నల్లరేగడి
అయితే పత్తిలోనే సూటి బీటీ రకాలు వేయొచ్చు కదా?

24. కాయలోగుట్టు
ఉన్నాయి. నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థ వైపు నుంచి సూరజ్ బీటీ, రజత్ బీటీ, పీకేవీ 081 బీటీ వచ్చాయి. వాటిలో ఉన్నది క్రై1ఏసీ ఒక్కటే, కాబట్టి శనగపచ్చ పురుగుకు పనికొస్తాయి, గులాబి పురుగు నుంచి మాత్రం పంటను తొందరగా ముగించి తప్పించుకోవాలి. మొక్క చిన్నది, దగ్గరగా వేయాలి. 90×90 సెంటీమీటర్లకు ఎకరాకు 5 వేల మొక్కలు, 90×15కి 30 వేలు. మొక్కకు పది కాయలు నిలిచినా లెక్క సరిపోతుంది, ఆ కాయలు ఒకేసారి విచ్చుకుంటాయి. హైబ్రిడ్‌తో అంత దగ్గరగా వేయాలంటే ఐదారు ప్యాకెట్లు, 2025 ధర ప్యాకెట్టు 901 రూపాయలు, విత్తనానికే నాలుగున్నర నుంచి ఐదున్నర వేలు. సూటి రకం గింజకు ఆ బరువు లేదు.

నల్లరేగడిలో పైరు ఏపుగా పోతుంది, అది ఒక్కటే ఇబ్బంది. 45 రోజులకు ఏపు తగ్గించే మెపిక్వాట్ క్లోరైడ్ లీటరుకు 1 మి.లీ., మళ్ళీ రెండు మూడు వారాలకు ఒకసారి. బెట్టలో ఉన్న పైరు మీద మాత్రం కొట్టకండి, అక్కడితో ఎదుగుదల ఆగిపోతుంది. తేలిక చెలకల్లో దాని అవసరమే రాదు.

25. ఎర్రచెలక
డిసెంబరు ఆఖరికి కట్టె పీకి ముక్కలు చేసి నేలలో కలిపే యంత్రం మండలానికి ఒకటైనా అద్దెకు దొరకాలి. ఎకరం కట్టె కూలీలతో పీకించాలంటే ఎవరూ ముందుకు రారు, చేను అలాగే నిలబడుతుంది. ఎక్కడెక్కడ అద్దెకు దొరుకుతోందో, గంటకు ఎంతో తెలిసినవాళ్ళు కింద రాయండి.